డ్రిప్పు పెరిగింది, బోర్లలో నీళ్లూ పెరిగాయి. మరి కింది ఊరి చెరువు సంగతి ఏ కాలమ్‌లో రాయాలి?

అనంత_ఫీల్డు

అందరికీ నమస్తే. అనంతపురంలో ఒక చిన్న సంస్థలో మానిటరింగ్, ఇవాల్యుయేషన్ పని చూస్తాను. కూడేరు వైపు ఏడు ఊళ్లలో మా వాళ్లు నడిపిన నీటి ప్రాజెక్టు ముగింపుకొచ్చింది. పంట కుంటలు తవ్వించడం, వంకలకు అడ్డంగా రాతికట్టలు వేయించడం, రైతులకు డ్రిప్పు ఇప్పించడం ప్రధానమైన పనులు. ఎండ్‌లైన్ ఇవాల్యుయేషన్, అంటే చివర్లో ఏం మారిందో తేల్చే పని, నా నెత్తిన పడింది. నిధులిచ్చిన వాళ్లు పంపిన కాగితంలో "ఊరి జనం భాగస్వామ్యంతో, వ్యవస్థను మొత్తంగా చూస్తూ" చేయాలని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం కిందే పద్దెనిమిది సూచికల (కొలిచి అంకె రాయాల్సిన అంశాల) పట్టిక ఉంది. రెండూ ఒకే మనిషి రాశాడంటే నమ్మబుద్ధి కావట్లేదు.

అంకెలు చూస్తే అంతా బాగుంది. 2018 చివర్లో తీసిన బేస్‌లైన్‌తో (మొదటి సర్వేతో) ఈ జనవరి సర్వేని పోలిస్తే బోర్లలో నీటిమట్టం పైకొచ్చింది, డ్రిప్పు కింద ఎకరాలు పెరిగాయి, బుడ్డలు (వేరుశనగ) వేసే చేలు కొన్ని చీనీ (బత్తాయి) తోటలయ్యాయి. మా మేనేజరు గారు ఫుల్ ఖుషీ.

చిక్కు మీటింగుల దగ్గర వచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కన్సల్టెంటు మాకు ఒక పూట ట్రైనింగ్ ఇచ్చి, కారణాలూ ఫలితాలూ బాణాలతో కలిపే బొమ్మ ఎలా గీయాలో చూపించి వెళ్లారు. ఆ ప్రకారమే ప్రతి ఊళ్లో రచ్చకట్ట దగ్గర చార్టు పరిచి, "నీళ్లు పెరిగితే ఏమవుతుంది? ఆ తర్వాత ఏమవుతుంది?" అని అడుగుతూ గీశాం. బోరున్న రైతులు నలుగురైదుగురు చెప్పడం, మేం గీయడం. ఆడవాళ్లు వెనక అరుగు మీద కూర్చున్నారు. బొమ్మ మాత్రం అందంగా వచ్చింది. కుంట నుంచి బోరుకు, బోరు నుంచి చీనీకి, చీనీ నుంచి డబ్బుకు, డబ్బు నుంచి పిల్లల చదువుకు. అన్ని బాణాలూ మంచి వైపే!

ఒక ఊళ్లో చార్టు చుట్టేస్తుంటే గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి చూశాడు. ఆయనది వంకకు దిగువన ఉన్న ఊరు, మా ఏడింటిలో లేదు. "పైనంతా కట్టేస్తిరి. మా చెరువుకు నీళ్లు యాడ్నించి వస్తాయప్పా?" అన్నాడు. అక్కడున్న రైతులు నవ్వి, "పో మామా, నీ గొర్రెలు చేలో పడతాండాయ్" అని పంపించేశారు.

నోట్సులో రాసుకున్నాను. ఆఫీసులో చెప్తే, "ఆ ఊరు మన ప్రాజెక్టులో లేదు కదా, మనమెందుకు రాయాలి" అన్నారు.

ఆయన మాట నిజమో కాదో తేల్చుకునే దారి ఏంటి? ఊరి వాళ్లతో బొమ్మ గీయించడానికి సరైన పద్ధతంటూ ఉందా, లేక నలుగురిని కూర్చోబెట్టి బాణాలు గీస్తే అదే 'వ్యవస్థ' అయిపోతుందా? ఇదంతా ఆ పట్టికలో ఎక్కడ దూర్చాలి? చేతిలో మూడు వారాలే ఉన్నాయి, డబ్బులు జీపు డీజిల్‌కి సరిపోతాయి. టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గుంతకల్లు_లెక్కలు

బ్రదర్, ఆ పెద్దాయన సంగతి తర్వాత, ముందు నీ సర్వేనే చూడు. 2018 ఖరీఫ్‌లో మన జిల్లాలో కరువు. ఆ ఏడాది చివర్లో బేస్‌లైన్ తీస్తే బోర్లు అడుగంటే ఉంటాయి. తర్వాత 2020, 2021, 2022 మూడేళ్లూ రాయలసీమలో వానలు దంచాయి. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. 2022 అక్టోబరులో అనంతపురం టౌన్లోనే కాలనీలు మునిగాయి. అలాంటి ఏళ్ల తర్వాత కొలిస్తే, ఒక్క కుంట కూడా తవ్వని ఊళ్లో సైతం బోరు పైకొస్తుంది. ప్రాజెక్టు లేని ఊళ్లతో పోల్చకుండా "మా వల్లే" అని రాస్తే ఎవడైనా ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు.

భూగర్భ జల శాఖ వాళ్ల పీజోమీటర్లు (నీటిమట్టం కొలిచే బోర్లు) ఉన్నాయి కదా, వాటి నెలవారీ మట్టాలు తీసుకో. మండల వర్షపాతం పక్కన పెట్టి గ్రాఫు గీయి. హంద్రీ-నీవా కాలువ నీళ్లు ఆ చుట్టుపక్కల ఏ చెరువుకైనా వదిలారేమో అదీ కనుక్కో.

ఈ మీటింగులు, జనంతో నేల మీద గీయించే ముగ్గులు, బాణాల మీద నాకంత నమ్మకం లేదు. గట్టిగా మాట్లాడేవాడి మాటే చార్టెక్కుతుంది, నువ్వే రాశావు. శాంపిల్ సరిగ్గా తీసి నాలుగు మంచి ప్రశ్నలు అడిగితే దానికంటే ఎక్కువే తెలుస్తుంది.

పత్తికొండ_అక్క

తమ్ముడూ, వానల గురించి పై ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ గ్రాఫు గీయకుండా ఒక్క పేజీ కూడా రాయొద్దు. ముగ్గుల సంగతి మాత్రం ఒప్పుకోను. పత్తికొండ, ఆస్పరి, ఆలూరు మండలాల్లో పొదుపు సంఘాల కాలం నుంచి ఇదే పని చేస్తున్నాను. గట్టిగా మాట్లాడేవాడి మాట చార్టెక్కుతుందంటే తప్పు చార్టుది కాదు, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాం అన్నదానిది.

నువ్వు విడివిడిగా అడిగినవి నాకు ఒకటే ప్రశ్నలా కనిపిస్తున్నాయి. మీటింగుకి ఎవరిని పిలిచామో, బొమ్మ కూడా అంతవరకే వస్తుంది. కుంట నుంచి బోరుకు బాణం వచ్చింది, ఎందుకంటే బోరు గలాయన ముందు వరసలో ఉన్నాడు. అదే కుంట నుంచి కింది చెరువుకు బాణం లేదు. చెరువు వాళ్లు అక్కడ లేరు మరి. గొర్రెలాయన దారిన పోతూ ఆ బాణం గీసిపోయాడు, మీ వాళ్లు నవ్వి చెరిపేశారు.

ఇంకా ఏవి రాలేదో చూడు. బుడ్డల చేను చీనీ తోట అయితే కలుపు తీసే కూలి ఏమైంది? పీకి, కొట్టి, ఒలిచే పని ఏమైంది? అవన్నీ ఎక్కువగా ఆడవాళ్ల పనులే. పశువులకు బుడ్డల కట్టె ఎక్కడి నుంచి వస్తుంది? కోత అయ్యాక గొర్రెలు మేసే బీడు ఏమైంది? తోట పెట్టిన భూమి కౌలుకి దొరుకుతుందా? తోట గలాయన చెప్తే చీనీ నుంచి డబ్బుకు బాణం పోతుంది. వెనక అరుగు మీద కూర్చున్నావిడ చెప్తే చీనీ నుంచి బెంగళూరు బస్సుకు పోవచ్చు. రెండూ నిజమే అయ్యుండొచ్చు. అందుకే నేను బొమ్మ గీశాక ఒక పని చేస్తాను. ప్రతి బాణం కొసన ఎవరున్నారు, వాళ్లని అడిగామా అని పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోతాను. టిక్కు పడని బాణాలే నా తర్వాతి మీటింగుల లిస్టు.

ఇంకో సంగతి. మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. "నీళ్లు పెరిగితే ఏమవుతుంది" అంటే, పెరిగాయని మీరే చెప్పేసినట్టు. జనం మర్యాదస్తులు, కాదనరు. నేనైతే "ఈ నాలుగేళ్లలో మీ ఇంట్లో, మీ చేలో పెద్దగా మారిందేంటి? మంచైనా చెడైనా" అని మొదలుపెడతాను. ప్రాజెక్టు పేరెత్తను. 1990లలో బంగ్లాదేశ్‌లో పనిచేస్తూ రిక్ డేవీస్ అనే ఆయన ఇలాంటి కథలు సేకరించి, వాటిలో ముఖ్యమైనదేదో జనంతోనే, సిబ్బందితోనే ఎంపిక చేయించే పద్ధతి ఒకటి తెచ్చాడు, 'మోస్ట్ సిగ్నిఫికెంట్ చేంజ్' అంటారు. మీ నిధుల వాళ్లకి ఆ పద్ధతి తెలిసే ఉంటుంది, కాబట్టి ఆ పేరు వాడుకుంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు. మారింది చెప్పాక "ఎందుకు మారింది" అని వెనక్కి, "దానివల్ల ఇంకేం అయ్యింది" అని ముందుకి పోతే బాణాలు వాటంతటవే వస్తాయి.

ఇక చోటు, వేళ. రచ్చకట్ట దగ్గరకి కొన్ని ఊళ్లలో ఇప్పటికీ అందరూ రారు, వచ్చినా కూర్చోరు. ఎస్సీ కాలనీకి నువ్వే పో. కూలి ఆడవాళ్లని సాయంత్రం వంట ముగిశాక, గొర్రెల వాళ్లని మంద దగ్గర, కౌలు వాళ్లని విడిగా. మొదట ఎవరి బొమ్మ వాళ్లనే గీయనీ, కలపడం తర్వాత. చార్టు, స్కెచ్ పెన్నులు బ్యాగులోనే ఉంచి ముగ్గుపిండి తీసుకుపో. స్కెచ్ పెన్ను ఇస్తే చదువుకున్న కుర్రాడి చేతిలోకి పోతుంది, ముగ్గుపిండి ఇస్తే ఆడవాళ్లే గీస్తారు. ఎక్కువ తక్కువలు పెట్టించడానికి చింతపిక్కలు వాడు. బుడ్డలు పెట్టావంటే లెక్క తేలేలోపు సగం తినేస్తారు!

పై అన్నగారు శాంపిల్ అన్నారు కదా. మా వైపు కోసిగి, మంత్రాలయం మండలాల్లో జనవరి వచ్చేసరికి ఎన్నో కుటుంబాలు గుంటూరు మిరపకోతలకి సుగ్గికి (వలస) పోయి ఉంటాయి. ఇంటికి తాళం ఉంటే సర్వే కుర్రాడు పక్కింటికి పోయి ఫారం నింపుకొస్తాడు. అలా నింపిన ఫారాలన్నీ ఊళ్లో ఉండగలిగిన వాళ్లవే. మీ సర్వే కూడా జనవరిలోనే అయ్యిందన్నావు. ఎన్ని ఇళ్లు మార్చారో, ఆ తాళాలు ఎవరివో ఒకసారి అడుగు.

చివరగా, మీ బాణాలన్నీ ముందుకే పోతున్నాయి, ఒక్కటీ వెనక్కి తిరగలేదు. నీళ్లు కనిపిస్తే తోట పెడతారు. ఒకరి తోట చూసి పక్కాయన తిరుచెంగోడు బోరు లారీని పిలిపిస్తాడు. అతని బోరు పడితే మొదటి ఆయన బోరు తగ్గుతుంది. తోట ఎండిపోకుండా ఇంకా లోతుకు వేస్తాడు, దానికి అప్పు, ఆ అప్పు తీరాలంటే తోట నిలవాలి. ఇది జనానికి చెప్పక్కర్లేదు, తాడు చాలు. ఒకర్ని బోరుగా, ఒకర్ని కుంటగా, చీనీగా, అప్పుగా, చెరువుగా నిలబెట్టి, దేనికి దేనితో సంబంధం ఉందో తాడు చివర్లు పట్టించు. ఒకర్ని లాగమను. ఎవరెవరు కదిలారో వాళ్లే చెప్తారు. ఈ ఆట దగ్గర ఎంత పెద్ద రైతైనా ఉపన్యాసం ఇవ్వలేడు.

కడప_పాత_వాటర్‌షెడ్

బాబూ, నేను వాటర్‌షెడ్ పనుల్లో చేసి రిటైరయ్యాను. ఆ గొర్రెలాయన చెప్పింది కొత్త మాట కాదు. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో నడిచిన గ్రామీణ జీవనోపాధుల పథకం కింద, అప్పటి కర్నూలు జిల్లా డోన్ మండలంలో, మీ జిల్లా కళ్యాణదుర్గం మండలంలో నీటి ఆడిట్ (వచ్చే నీరు, పోయే నీరు లెక్క) చేశారు. 2003లో రిపోర్టు వచ్చింది. పైన కట్టలు, కుంటలు, వాటితోపాటు బోర్లు పెరిగేకొద్దీ దిగువ చెరువులకు చేరే నీరు తగ్గుతోందని అందులో చెప్పారు. మనలో చాలామందికి అప్పుడది మింగుడు పడలేదు. ఎన్ని కట్టడాలు కడితే అంత మంచిదనే లెక్కలో ఉన్నాం మరి. మీ మేనేజరు గారు "ఆ ఊరు మనది కాదు" అంటే ఈ రిపోర్టు సంగతి చెప్పు. కళ్యాణదుర్గం మీ పక్కనే కదా.

నీ ఊళ్లో అలా జరిగిందో లేదో తేలాలంటే దిగువ ఊళ్లో చెరువు మరువ పారిన (నిండి పొర్లిన) ఏళ్లు అడుగు. తారీఖులు గుర్తుండవు గానీ, "ఫలానా పెళ్లి ఏడు, ఫలానా ఎలక్షన్ల ఏడు" అని చెప్తారు. ఆ ఏళ్ల పక్కన వర్షపాతం పెట్టు. ఒక జాగ్రత్త. 2020 నుంచి మూడేళ్ల వానలకి పైన ఎన్ని కట్టలున్నా పొంగి పారి ఉంటాయి, చెరువూ నిండి ఉండొచ్చు. దాన్ని చూసి పెద్దాయన అబద్ధం చెప్పాడనుకోకు. దెబ్బ తెలిసేది ఓ మోస్తరు వాన పడిన ఏడాదిలో. ప్రాజెక్టు రాకముందు అంతే వాన పడిన ఏడాది చెరువుకి ఎంత నీరొచ్చిందో, తర్వాత అలాంటి ఏడాది ఎంతొచ్చిందో పోల్చు.

డ్రిప్పు గురించి ఒక మాట. డ్రిప్పుతో నీరు ఆదా అవుతుందని అందరం రాస్తాం. ఆదా అయిన నీరు భూమిలోనే ఉందా, పక్క రెండెకరాలకు పోయిందా అని ఎవరూ రాయరు. 2004 నుంచి మన దగ్గర వ్యవసాయానికి కరెంటు ఉచితం, తోడే నీటికి బిల్లు లేదు. ఆపేదల్లా కరెంటు వేళలు, బోరు ఎండడం, అంతే. ఇంజన్లు తక్కువ బొగ్గుతో నడిస్తే దేశం బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుందని ఇంగ్లండులో జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే రాశాడు. కాబట్టి "డ్రిప్పు కింద ఎకరాలు" అనే సూచిక పెరిగినంత మాత్రాన సంతోషపడొద్దు. మొత్తం తడి ఎకరాలు ఎంత పెరిగాయో దాని పక్కన రాయి.

జనం కొలవలేరనుకునే వాళ్లకి ఇంకోటి. ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) తోడ్పాటుతో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోనే కరువు జిల్లాలు ఏడింటిలో, మన అనంతపురం, కర్నూలు, కడప మూడూ అందులో ఉన్నాయి, రైతులే వాన కొలిచారు, బోర్ల మట్టాలు కొలిచి పుస్తకంలో రాశారు, రబీ ముందు కూర్చుని ఎంత నీరుంది, ఏ పంటకి ఎంత కావాలి అని లెక్క వేసుకున్నారు. పంట మార్చుకోమని ఎవరూ జీవో ఇవ్వలేదు. లెక్క వాళ్ల చేతిలో ఉంది కాబట్టి చాలామంది వాళ్లే మార్చుకున్నారు. మీ ఏడూళ్లలో ఎక్కడైనా పాత రెయిన్ గేజి, పాత రిజిస్టరు ఉందేమో వెతుకు. దొరికితే నీకు బంగారం.

అనంత_ఫీల్డు

అందరికీ చాలా థాంక్స్. గుంతకల్లు బ్రదర్, పీజోమీటర్ల లెక్క కోసం రేపే ఆఫీసుకి పోతున్నాను. కడప సార్, మరువ సంగతి కూడా అడుగుతాను. అక్కా, తాళం వేసిన ఇళ్ల గురించి సర్వే పిల్లల్ని అడిగాను. మార్చిన ఇళ్ల లిస్టు విడిగా పెట్టుకున్నారట, ఎక్కువ ఒకే కాలనీవి.

రెండు డౌట్లు మిగిలాయి. పై ఊరు, కింది ఊరు వాళ్లని ఒకచోట కూర్చోబెడితే కొట్లాట అవుతుందేమో అని మా ఫీల్డు అన్న భయపడుతున్నాడు. రిపోర్టులో ఇదంతా చేరిస్తే "ప్రాజెక్టు ఫెయిలైంది" అని చదువుతారని మేనేజరు గారి భయం. ఇంకా... రిగ్గు ఏజెంట్లు, డ్రిప్పు డీలర్లు, వీళ్లని కూడా పిలవాలా? వాళ్లూ ఈ బొమ్మలో ఉన్నారు కదా.

పత్తికొండ_అక్క

కొట్లాట భయం న్యాయమైనదే. కూర్చోబెట్టకు, నడిపించు. పై ఊరు నుంచి ఇద్దరు ముగ్గురు, కింది ఊరు నుంచి ఇద్దరు ముగ్గురు, అందులో ఆ గొర్రెలాయన తప్పకుండా ఉండాలి. ఎగువ రాతికట్ట దగ్గర మొదలుపెట్టి వంక వెంబడి చెరువు దాకా పొద్దున్నే నడవండి. ఎదురెదురుగా కూర్చున్న మనుషులు వాదించుకుంటారు. పక్కపక్కన నడిచేవాళ్లు కట్ట చూపిస్తూ, ఇసుక చూపిస్తూ, "ఇక్కడ మునుపు ఇంత లోతుండె" అంటూ మాట్లాడతారు. నువ్వు మధ్యలో తీర్పు చెప్పకు. ఎవరైనా "సార్, మీరే చెప్పండి" అంటే, "నేను రాసుకోడానికి వచ్చాను" అను. దారిలో ఒక కట్టకి తూము పెట్టాలనో, ఒక కుంట మరువ దించాలనో వాళ్లే అంటే, అది నీ రిపోర్టులో సిఫార్సు అవుతుంది. అలాంటి మాట ఆఫీసు నుంచి వస్తే ఎవరూ వినరు.

మేనేజరు గారికి ఇలా చెప్పు. ఇవాల్యుయేషన్‌కి అందరూ వాడే ఓఈసీడీ (ధనిక దేశాల కూటమి) ప్రమాణాల్లో 'ప్రభావం' అనేదానికి నిర్వచనమే అనుకున్నవీ అనుకోనివీ, మంచివీ చెడ్డవీ అని. 1991లో వచ్చిన ఐదు ప్రమాణాలకి 2019లో ఆరోది కలిపారు, మన పని పక్కవాళ్ల పనులతో పొసుగుతోందా లేదా అని చూసేది. దిగువ చెరువు ఆ రెండింట్లోనూ పడుతుంది. అంటే మనం కొత్తగా గొడవ తేవట్లేదు, వాళ్లు అడిగినదానికే జవాబిస్తున్నాం. ఫెయిలైందని రాయక్కర్లేదు. కుంటలున్న చేలలో ఆగస్టు బెట్టకి బుడ్డల పంట ఒక తడితో నిలబడి ఉంటే, అది కూడా అంతే గట్టిగా రాయి. దాన్ని చిన్నది చేయొద్దు.

పట్టికని మార్చమని అడగొద్దు, మార్చరు. పద్దెనిమిది సూచికలకీ పక్కన ఇంకో గడి కలుపు: "ఇది పెరిగితే ఎవరికి ఏం తగ్గింది, ఎవరు చెప్పారు." కొన్ని గడులు ఖాళీగా ఉంటాయి, ఉండనీ. రిపోర్టు మొదట్లోనే ఒక పేజీ పెట్టు: ఎవరిని అడిగాం, ఎవరిని అడగలేకపోయాం, ఎందుకు. తాళాల లిస్టు అక్కడికి పోతుంది. పంపేముందు ఏడూళ్లలో కాకపోయినా రెండూళ్లలో, కింది ఊళ్లో డ్రాఫ్టు చదివి వినిపించు. తెలుగులో. నా అనుభవంలో నిధుల వాళ్ల కంటే పదునైన ప్రశ్నలు అక్కడే వస్తాయి.

డీలర్‌ని రైతులతో కలిపి పిలవకు. కలిపితే రైతులు అతని ఎదుట సబ్సిడీ మాటే మాట్లాడతారు. షాపుకి పోయి విడిగా అడుగు: ఇచ్చిన సెట్లలో ఎన్నిటికి మళ్లీ లేటరల్ పైపులు, ఫిల్టర్లు కొన్నారు అని. కొనలేదంటే ఆ డ్రిప్పు ఎక్కడో చుట్టి పడేసి ఉందని అర్థం, నీ ఎకరాల లెక్క అక్కడ సరిచూసుకో. రిగ్గు ఏజెంటుని టీ కొట్టు దగ్గర కలువు. ఏ ఊళ్లో ఎన్ని బోరు పాయింట్లు వేశాడు, ఎన్ని ఫెయిలయ్యాయి, ఎన్ని అడుగులకు పోయాడు, అన్నీ అతని డైరీలో ఉంటాయి. సర్వేలో రైతులు ఫెయిలైన బోరు చెప్పుకోరు, డైరీలో దాచడానికి ఉండదు. ఆ బోర్లకి అప్పు ఎక్కడ తెచ్చారని మాత్రం అతన్ని అడగొద్దు. అది ఆడవాళ్ల గుంపులో, ముగ్గు సగం అయ్యాక వస్తుంది.